గర్ల్ గ్రూప్ రెండో ఆల్బమ్ వినటం ఎట్లా, బెజవాడ–గుంటూరు బస్సులో

మొన్న ఆదివారం మా అక్క కూతురు ఇంటికొచ్చి, సోఫాలో కాళ్లు పైకి పెట్టుకుని, ఇయర్‌ఫోన్స్ పీకి పక్కన పడేసి "బోర్ పిన్నీ, ఫస్ట్ ఆల్బమ్ అంత లేదు" అంది. కొరియా అమ్మాయిల గ్రూపు బ్లాక్‌పింక్ రెండో ఆల్బమ్ గురించి, దాని పేరు బార్న్ పింక్. అది వచ్చింది 2022లో, దీనికి ఆ పిచ్చి పట్టింది మాత్రం ఈ ఏడాదే. ఎన్నిసార్లు విన్నావే అంటే ఒకసారంట. అదీ షఫుల్‌లో, అదీ వాళ్లమ్మ వంటింట్లో మిక్సీ వేస్తుంటే, అదీ మధ్యమధ్యలో వాట్సాప్ చూసుకుంటా. ఎనిమిది పాటలుంటే మూడు సగంలోనే దాటేసిందంట. నాకు నవ్వొచ్చింది, కొంచెం కోపం కూడా వచ్చింది, ఎందుకంటే నేను కూడా పదమూడేళ్లప్పుడు ఇంకో గ్రూపు రెండో ఆల్బమ్‌ని అచ్చం ఇట్టాగే తిట్టిపోసి, మళ్లీ ఇరవయ్యేళ్ల తర్వాత అదే ఆల్బమ్ విని చెంపలేసుకున్నా. ఆ ఇరవయ్యేళ్లు మీకు మిగిల్చిపెడదామని ఇది రాస్తున్నా. నేను మ్యూజిక్ చదువుకున్నదాన్ని కాదు, సరిగమలు కూడా సగమే వచ్చు, కానీ వినటం మాత్రం ముప్పై ఏళ్ల నుంచి చేస్తున్నా.

మనోళ్లకి దీనికో రెడీమేడ్ మాట ఉంది కదా, ద్వితీయ విఘ్నం. మొదటి సినిమా హిట్టు కొట్టిన డైరెక్టర్ రెండో సినిమా మొదలెట్టగానే గాంధీనగర్‌లో డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల దగ్గర నుంచి టీ కొట్టు దాకా అందరూ "రెండోది కదండీ, చూద్దాం" అంటారు. ఆ మాటలో సుఖం ఏందంటే ఇంక ఎవరూ ఏమీ ఆలోచించక్కర్లేదు, తప్పంతా గ్రహాల మీదకి తోసెయ్యొచ్చు. నాకు అర్థమైనంతలో రెండో ఆల్బమ్‌కి పట్టే శని పేరు క్యాలెండరు. మొదటి ఆల్బమ్‌కి వాళ్ల బతుకంతా టైమ్, రెండోదానికి కంపెనీ వాడు ఇచ్చినంతే టైమ్. ఆ తేడా తెలుసుకుని వింటే అదే పాటలు వేరేగా వినపడతాయి.

ముందు కాయితం, పెన్ను

ముందు పాట పెట్టొద్దు. ఒక కాయితం తీసుకుని మూడు తారీఖులు రాయండి: గ్రూపు ఎప్పుడు కట్టారు, మొదటి ఆల్బమ్ ఎప్పుడొచ్చింది, రెండోది ఎప్పుడొచ్చింది. వీటి మధ్య ఎన్ని నెలలో లెక్క కట్టి పక్కన రాయండి. ఐదు నిమిషాల పని, ఫోన్‌లో వెతికితే దొరికేస్తాయి.

నేను తిట్టిన ఆల్బమ్ స్పైస్ గర్ల్స్ అనే బ్రిటన్ ఐదుగురమ్మాయిల గ్రూపుది, పేరు స్పైస్‌వరల్డ్. దాని లెక్క చూడండి. 1994లో పేపర్లో యాడ్ ఇచ్చి ఆడిషన్లు పెట్టి గ్రూపు కట్టారు. అమ్మాయిల్ని మెయిడెన్‌హెడ్ అనే ఊళ్లో ఒకే ఇంట్లో పెట్టారు, మన హాస్టల్ లాగే, కాకపోతే స్టడీ అవర్స్ లేవు. అక్కడ పాడుకున్నారు, కొట్టుకున్నారు, తర్వాత పాత మేనేజర్లని వదిలేసి బయటికొచ్చారు, పాటలు రాసుకున్నారు, రాసినవి పారేశారు, మళ్లీ రాశారు. వాళ్ల మొదటి పాట వన్నాబీ బ్రిటన్‌లో వచ్చింది 1996 జూలైలో, మొదటి ఆల్బమ్ స్పైస్ నవంబర్లో. అంటే గ్రూపు మొదలయ్యాక రెండేళ్లు దాటాక. మరి రెండో ఆల్బమ్? 1997 నవంబర్. సరిగ్గా ఏడాది. ఆ ఏడాదిలోనే దేశదేశాలు తిరిగారు, యాడ్లు చేశారు, పైగా ఎండాకాలంలో సినిమా ఒకటి తీశారు, వాళ్లే హీరోయిన్లుగా. మరి ఆల్బమ్ ఎప్పుడు చేశారంటే ఆ షూటింగ్ జరుగుతుండగానే, సెట్ దగ్గరే మొబైల్ స్టూడియో పెట్టుకుని, షాట్‌కీ షాట్‌కీ మధ్య ఒకళ్ల తర్వాత ఒకళ్లు వెళ్లి పాడొచ్చేవాళ్లు.

ఈ ఒక్క సంగతి తెలిశాక నాకు ఆ ఆల్బమ్ మొత్తం తిరగబడింది. అందులో ఒక్కో పాట ఒక్కో వేషం వేసుకుని ఉంటది. స్పైస్ అప్ యువర్ లైఫ్ ఏమో లాటిన్ జాతర, స్టాప్ ఏమో అరవైల్లో మోటౌన్ అనే అమెరికా కంపెనీ వదిలిన పాటల తరహా, చివర్లో ద లేడీ ఈజ్ ఎ వ్యాంప్ పాత రోజుల క్లబ్బు పాట, ఈలలూ ట్రంపెట్లూ. చిన్నప్పుడు ఇదేంటి ఒక్కటీ ఒకదానితో ఒకటి అతకదు అనుకునేదాన్ని. పొద్దుటి నుంచి మేకప్ వేసుకుని, డ్రెస్సులు మార్చుకుని, సెట్టు మారినప్పుడల్లా మారిపోయే మనుషులు మధ్యలో వచ్చి పాడితే పాటలు కూడా అట్టాగే ఉంటాయి కదా. ఇది నా ఊహే, కానీ ఆ ఊహతో వింటే ఆల్బమ్ భలే సరదాగా ఉంటది, ఒకసారి ట్రై చేయండి.

అట్టాగని గ్యాప్ ఎక్కువుంటే చాలు ఆల్బమ్ బాగుంటదని రూలేం లేదు. టీఎల్‌సీ అనే అమెరికా ముగ్గురమ్మాయిల గ్రూపు మొదటి ఆల్బమ్ 1992 ఫిబ్రవరి, రెండోది క్రేజీసెక్సీకూల్ 1994 నవంబర్, అంటే రెండున్నరేళ్ల పైనే. కానీ ఆ టైమంతా హాయిగా పాటలు చేసుకున్నారనుకుంటే పొరపాటు. 1994 జూన్‌లో లెఫ్ట్ ఐ అనే అమ్మాయి తన బాయ్‌ఫ్రెండుతో గొడవపడి నిప్పంటించిందీ, ఇల్లు మొత్తం కాలిపోయిందీ, కోర్టు, రీహాబ్, ఇవన్నీ రికార్డింగు మధ్యలోనే. అందుకే ఆ ఆల్బమ్‌లో మొదటిదాంతో పోలిస్తే ఆ అమ్మాయి ర్యాప్ తక్కువ వినపడిద్ది. తెలియకుండా వింటే "స్టయిల్ మార్చారు" అనుకుంటాం. తెలిసి వింటే వాటర్‌ఫాల్స్‌లో ఆ ర్యాప్ వచ్చేటప్పటికి ఒళ్లు జలదరించిద్ది. ఆ పాట 1995లో అమెరికాలో ఏడు వారాలు నంబర్ వన్‌లో కూర్చుంది, అదే ఏడాది ఈ ముగ్గురూ దివాలా పిటిషన్ కూడా వేశారు. అన్ని లక్షల కాపీలు అమ్మి చేతిలో డబ్బుల్లేవంట, కాంట్రాక్ట్ అట్టాంటిది. సరే, అది వేరే కథ, దాని మీద ఇంకో పెద్ద సోది రాయొచ్చు.

మా పిల్ల బ్లాక్‌పింక్ లెక్క ఇంకో రకం. గ్రూపు వచ్చింది 2016 ఆగస్టులో, కానీ మొదటి పూర్తి ఆల్బమ్ ద ఆల్బమ్ వచ్చింది 2020 అక్టోబర్లో, అంటే నాలుగేళ్ల తర్వాత. అప్పటిదాకా సింగిల్స్ అని విడివిడి పాటలూ, చిన్న చిన్న మినీ ఆల్బమ్‌లూ. రెండోది బార్న్ పింక్ 2022 సెప్టెంబర్. ఇది కాయితం మీద రాసి చూపిస్తే పిల్ల కాసేపు మాట్లాడలేదు. ఫస్ట్ దానంత లేదు అంటున్నావు, ఆ ఫస్ట్‌ది నాలుగేళ్లు మాగిన కాయ, దీనికి రెండేళ్లే కదే అన్నా. "అయితే బాగుందని చెప్పాలా పిన్నీ?" అంది. అక్కర్లా. నచ్చకపోవచ్చు. కానీ ఎందుకు నచ్చలేదో తెలియాలి, మిక్సీ సౌండ్ వల్లో పాట వల్లో.

ఫోన్ సర్దుకోండి

ఇది త్వరగా చెప్పేస్తా. షఫుల్ ఆపండి. క్రాస్‌ఫేడ్ అని సెట్టింగ్స్‌లో ఒకటుంటది, ఒక పాట చివర ఇంకో పాట మొదలు కలిపేసిద్ది, అది ఆపండి, ఎందుకంటే పాటకీ పాటకీ మధ్య ఆ రెండు సెకన్ల ఖాళీ కూడా ఆల్బమ్‌లో భాగమే. డీలక్స్ ఎడిషన్, రీమిక్సులు కలిపినది కాకుండా మొదట్లో వచ్చినప్పటి లిస్ట్ ఎంతవరకో చూసుకుని అక్కడే ఆగండి, లేకపోతే పదో పాట తర్వాత మళ్లీ మొదటి పాటే డబ్ డబ్ అని వచ్చి ముగింపు మొత్తం చెడగొట్టిద్ది. ముందే డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. ఇంట్లోవాళ్లకి గంటసేపు దొరకనని ముందే చెప్పండి, లేకపోతే మా అమ్మ లాగా పోలీసు కంప్లైంట్ దాకా వెళ్తారు.

బస్సెక్కండి

ఇంట్లో వినొద్దు. ఇంట్లో వింటే ఏదో ఒకటి పడిద్ది మీద, కొరియర్ వచ్చిద్ది, కుక్కర్ విజిలేసిద్ది. నా పద్ధతి ఏందంటే బస్టాండుకెళ్లి గుంటూరు బస్సెక్కటం. ముప్పై, ముప్పై ఐదు కిలోమీటర్లు, ఎక్కటం దిగటం, ట్రాఫిక్, అన్నీ కలిపి గంటో గంటంపావో. ఇప్పుడు పల్లెవెలుగు ఎక్కితే ఆడవాళ్లకి జీరో టికెట్టే, ఆధార్ చూపిస్తే చాలు, కాబట్టి ఖర్చు కూడా లేదు, అటు దిగాక టీ డబ్బులు తప్ప. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు లోపు వెళ్లండి, సీటు దొరికిద్ది, కాలేజీ పిల్లల రష్ ఉండదు. ఎండాకాలం అయితే మాత్రం పొద్దున్నే, మే నెలలో బెజవాడ మధ్యాహ్నం కిటికీ పక్కన కూర్చుంటే ఏ గ్రూపు పాట అయినా ఏడుపు పాటలాగే వినపడిద్ది.

బస్సులో రూల్స్ రెండే. ఒకటి, స్కిప్ కొట్టకూడదు. రెండు, స్కిప్ కొట్టాలనిపించిన చోట మాత్రం కాయితం మీద ఒక గీత గీసి ఏ పాటలో, ఎంతసేపటికి అనిపించిందో రాసుకోవాలి. అంతే, ఇంకేం రాయొద్దు, బాగుంది బాలేదు అని అస్సలు రాయొద్దు.

స్పైస్‌వరల్డ్ పది పాటలు, మొత్తం నలభై నిమిషాల లోపే. బస్టాండులో బస్సు కదిలినప్పుడు పెడితే వారధి దాటేటప్పటికి మొదటి రెండు మూడు హిట్లు అయిపోతాయి, తాడేపల్లి దగ్గర నుంచి మంగళగిరి దాకా మధ్య పాటలు నడుస్తాయి. ఈ మధ్య పాటలే అసలు పరీక్ష. ఏ కంపెనీ అయినా సింగిల్సుగా వదలాలనుకున్నవన్నీ ముందు పెట్టేసిద్ది, ఐదారు ఏడు నంబర్లలో ఏం పెట్టారో చూస్తే వాళ్ల దగ్గర సరుకు ఎంతుందో తెలిసిపోద్ది. స్పైస్‌వరల్డ్‌లో ఆరో పాట మూవ్ ఓవర్, అది పెప్సీ యాడ్ కోసం చేసింది, వింటేనే తెలిసిపోద్ది, పాటలో మెరుపుంది కానీ నాలిక మీద గ్యాస్ మాత్రమే మిగిలిద్ది. నా కాయితంలో గీత పడింది అక్కడే. ఇంక ఆ తర్వాత డూ ఇట్, డినైయింగ్. డినైయింగ్ ఎవరూ పట్టించుకోరు గానీ నాకు మహా ఇష్టం, కొంచెం కోపంగా, సోకులు లేకుండా ఉంటది.

తొమ్మిదో పాట దాకా ఓపిక పట్టినవాళ్లకి వివా ఫరెవర్ వచ్చిద్ది. ఆ ఆల్బమ్‌లో నాకు అన్నిటికన్నా పెద్ద పాట అదే, దాన్ని చివరి ముందు పెట్టారు. చిన్నప్పుడు కేసెట్లో రెండో పక్క చివర్లో ఎక్కడో ఉండేది, అంతదాకా వెళ్లే లోపే వాక్‌మన్ బ్యాటరీలు డౌనయ్యి పాట నీళ్లలో మునిగినట్టు సాగేది, నేను పాటే అంత అనుకున్నా! 1998 జూలైలో దాన్ని సింగిల్‌గా వదిలేటప్పటికి ఐదుగురిలో జెరీ వెళ్లిపోయి రెండు నెలలవుతుంది, వీడియోలో మనుషుల్లేరు, బొమ్మలతో చేసిన యానిమేషన్. వీడ్కోలు పాట అని అందరూ ఏడ్చారు, కానీ రాసింది అంతకు ముందే, ఐదుగురూ కలిసున్నప్పుడు. పాట మారలా, చుట్టూ కథ మారింది. రెండో ఆల్బమ్‌లకి ఇది చాలాసార్లు జరిగిద్ది, అందుకే మొదటిసారి వినేటప్పుడు వీడియోలు చూడొద్దంటున్నా.

చార్టులు కూడా చూడొద్దు. స్పైస్ గర్ల్స్ మొదటి ఆరు సింగిల్సూ బ్రిటన్‌లో వరసగా నంబర్ వన్. ఏడోది స్టాప్, 1998 మార్చిలో, రెండో ప్లేసులో ఆగింది. అంతే, ఇంక పని అయిపోయింది అన్నారు. రెండో ప్లేసండీ! మన దగ్గర ఇంటర్‌లో స్టేట్ సెకండ్ వస్తే పేపర్లో ఫొటో, చౌరస్తాలో ఫ్లెక్సీ. ఆ స్టాప్ పాటే ఇవ్వాళ ఎక్కడ పెట్టినా పెద్దాళ్లు కూడా చేతులు తిప్పుతారు.

గొంతులు లెక్కపెట్టండి

గుంటూరులో దిగి, టీ తాగి, అప్పుడు కాయితం రెండో వైపు తిప్పండి. గ్రూపులో ఎంతమందుంటే అన్ని గళ్లు గీసి, ఒక్కో పాటలో ఎవరు ఎంతసేపు పాడారో గీతలు పెట్టండి. మొదట్లో గొంతులు గుర్తుపట్టటం కష్టమే, రెండు మూడు పాటలకి అలవాటయిపోద్ది, ఇంట్లో ఫోనెత్తగానే ఏ పిన్నో ఏ అత్తో తెలియట్లా మనకి?

ఇది ఎందుకు చెప్తున్నానంటే గ్రూపు అనేదాన్ని మనం గుంటూరు జిల్లా వాళ్లం బుర్రకథ లాగా వినాలి. నాజర్ గారి ఊరు పొన్నెకల్లు ఇక్కడే కదా. మధ్యలో కథకుడు తంబూరా పట్టుకుని చెప్తుంటాడు, అటొక వంత ఇటొక వంత, ఒకడు రాజకీయం మాట్లాడతాడు, ఒకడు హాస్యం చెప్తాడు, ఇద్దరూ తందాన తాన అంటుంటేనే కథకుడికి ఊపు. టీఎల్‌సీ ముగ్గురూ అచ్చం అంతే, రెండో ఆల్బమ్ పేరే ముగ్గురి మీద పెట్టారు, క్రేజీ అంటే లెఫ్ట్ ఐ, సెక్సీ అంటే చిల్లీ, కూల్ అంటే టీ-బాజ్. వంతల్ని తీసేస్తే బుర్రకథ కాస్తా హరికథ అయిపోద్ది. హరికథ తక్కువని కాదు, టికెట్ కొన్నది బుర్రకథకి కదా అని. మొదటి ఆల్బమ్ హిట్టయ్యాక గ్రూపుల్లో సాధారణంగా జరిగేది ఇదే, ఒక గొంతు పెద్దదయిద్ది, మిగతావి కోరస్‌లోకి జారిపోతాయి. మీ గళ్లలో గీతలు ఒకవైపే పడుతుంటే అర్థమైపోద్ది, ఆ గ్రూపు ఎన్నాళ్లుంటదో కూడా కొంచెం అంచనా వచ్చిద్ది.

బియాన్సే ఉన్న అమెరికా గ్రూపు డెస్టినీస్ చైల్డ్‌తో ఈ పని చేసి చూడండి. మొదటి ఆల్బమ్ 1998 ఫిబ్రవరి, రెండోది ద రైటింగ్స్ ఆన్ ద వాల్ 1999 జూలై, పదిహేడు నెలలు. ఆ గ్యాప్‌లో వీళ్లు ముదిరిపోయారు, మంచి అర్థంలో. గీతలు మాత్రం ఎక్కువ బియాన్సే గడిలోనే పడతాయి. ఇందులో ఒక మోసం కూడా ఉంది. సే మై నేమ్ రికార్డులో ఉన్న నలుగురు వేరు, వీడియోలో కనపడే నలుగురు వేరు. 2000 మొదట్లో వీడియో వచ్చేటప్పటికి ఇద్దర్ని మార్చేశారు, మిషెల్, ఫరా అని కొత్తవాళ్లొచ్చారు, పాటేమో పాతవాళ్లు పాడిందే. వీడియో చూసి గొంతులు లెక్కపెడితే తప్పు లెక్క వచ్చిద్ది, మళ్లీ చెప్తున్నా, వీడియో తర్వాత.

క్రెడిట్స్ చదవండి, ఇది తప్పనిసరి

పాట పక్కన మూడు చుక్కలు నొక్కితే క్రెడిట్స్ అని ఉంటది, ఎవరు రాశారు, ఎవరు ప్రొడ్యూస్ చేశారు అని. రెండు ఆల్బమ్‌లవీ పక్కపక్కన పెట్టి చూడండి. చేతులు అవేనా, మారాయా? స్పైస్ గర్ల్స్‌కి రెండింటికీ ప్రధానంగా అవే చేతులు, స్టానార్డ్–రో జంట, అబ్సొల్యూట్ అనే ఇంకో జంట. కాబట్టి "ప్రొడ్యూసర్ని మార్చారు, అందుకే పోయింది" అనే మాట అక్కడ చెల్లదు. డెస్టినీస్ చైల్డ్‌కి మాత్రం రెండోదాంట్లో కెవిన్ బ్రిగ్స్ వచ్చి బిల్స్, బిల్స్, బిల్స్, బగ్ ఎ బూ లాంటివి చేశాడు, తొందర తొందరగా మాటలు దొర్లిస్తూ పాడే తీరు వాటిల్లో బాగా వినపడిద్ది. ఆ తీరునే తర్వాత ఎంతమంది వాడుకున్నారో లెక్కలేదు. సే మై నేమ్ చేసింది రాడ్నీ జెర్కిన్స్. మొదట ఆయన లండన్ గ్యారేజ్ డాన్సు స్టయిల్లో గజిబిజిగా చేస్తే బియాన్సేకి నచ్చలేదంట, ఆయన దాన్ని కిందా మీదా పడి మళ్లీ చేశాడు, అదే అమెరికాలో నంబర్ వన్ అయ్యింది, 2001లో రెండు గ్రామీలు తెచ్చింది. రెండో ఆల్బమ్ టైముకి "నాకు నచ్చలేదు" అనే ధైర్యం అమ్మాయిలకి వచ్చిందా లేదా, ఇది క్రెడిట్స్‌లో పేరు రాయరు గానీ పాటలో వినపడిద్ది.

మన ఇండియా గ్రూపు గురించి చెప్పకపోతే ఎట్లా. 2002లో ఛానల్ వీ వాళ్లు పాప్‌స్టార్స్ అని పోటీ పెట్టి ఐదుగురు అమ్మాయిల్ని ఏరి వివా అని గ్రూపు కట్టారు, టీవీలో అంతా చూస్తుండగానే. నేనప్పుడు ఇంటర్, హాస్టల్లో ఉన్నా, ఏ కాలేజీ అని అడక్కండి, గేటు దగ్గర వార్డెన్ నా వాక్‌మన్ లాక్కుని పరీక్షలయ్యాక ఇస్తానన్నాడు, ఇప్పటికీ ఇవ్వలేదు. దసరా సెలవులకి ఇంటికొచ్చి వాళ్ల పాటలు చూసి ఇంట్లో మంచం మీదెక్కి గెంతేదాన్ని. మరుసటేడే, 2003లో, రెండో ఆల్బమ్ వివా రీలోడెడ్ వచ్చేసింది. ఐదుగురు కాస్తా నలుగురయ్యారు. మళ్లీ అదే లెక్క, ఏడాది. ఆ తర్వాత ఎక్కువ కాలం లేదు గ్రూపు. ఆ నలుగురిలో ఒకావిడ నేహా భసీన్, మీకు ఆ పేరు తెలియకపోయినా గొంతు తెలుసు, 2017లో మన జై లవకుశలో స్వింగ్ జరా పాడింది ఆవిడే. అది తెలిసినరోజు నేను కాసేపు అట్టా కూర్చుండిపోయా, బెంజ్ సర్కిల్లో ఆటోవాళ్లు దద్దరిల్లేటట్టు పెట్టుకుంటున్న పాటలో గొంతు, నా మంచం మీద గెంతుల నాటి గొంతా అని. రీలోడెడ్‌ని ఆ చెవితో మళ్లీ వినండి, ఎవరు ముందుకెళ్తారో అందులోనే తెలుస్తుంటది.

వారం ఆగండి

మొదటిసారి విన్న రోజు ఎవరికీ ఏమీ చెప్పొద్దు. ముఖ్యంగా స్టేటస్ పెట్టొద్దు, పెడితే మాట మీద నిలబడాలనిపించిద్ది. వారం తర్వాత కాయితం తీసి, గీతలు పడిన పాటలు మాత్రమే మళ్లీ వినండి, ఈసారి ఇంట్లోనే, బట్టలు మడతపెట్టుకుంటానో ఉల్లిపాయలు తరుక్కుంటానో. గీత పడిన పాటల్లో ఒకట్రెండు నోట్లో ఆడుతుంటాయి మీకు తెలియకుండానే, అవి కొట్టేసి మిగిలినవి ఉంచండి. మిగిలినవి నిజంగానే బాలేదన్నమాట, ఇంక నిశ్చింతగా తిట్టుకోవచ్చు. నాకు మూవ్ ఓవర్ ఇప్పటికీ మిగిలే ఉంది.

పిల్లలతో వినేవాళ్లకి ఒక మాట, మీ కాలం గ్రూపే గొప్పదని మధ్యలో దూరొద్దు. నేను దూరా, మా పిల్ల ఇయర్‌ఫోన్ రెండోది కూడా పెట్టేసుకుంది.

చివరగా తిరుగు ప్రయాణం. వెళ్లేటప్పుడు రెండో ఆల్బమ్, వచ్చేటప్పుడు మొదటిది. చాలామంది ఉల్టా చేస్తారు, హిట్టయినదాన్ని ముందు విని, ఆ నోటితోనే రెండోది వింటారు, పాకం తిన్నాక కాఫీ తాగినట్టు చప్పగా ఉంటది. తిప్పి వినండి. గుంటూరు నుంచి వచ్చేటప్పుడు ఎడమ చేతి వైపు సీటు పట్టండి, వారధి మీదకొచ్చాక బ్యారేజీ, కొండ మీద అమ్మవారి గుడీ అటు వైపే కనపడతాయి.

పోయిన శనివారం పెదకాకానిలో మా చుట్టాల ఇంట్లో పూజ ఉంటే పిల్లని కూడా లాక్కుపోయా. బార్న్ పింక్ ఎనిమిది పాటలూ పాతిక నిమిషాల లోపే, మంగళగిరి రాకముందే అయిపోయింది. "అయిపోయిందా?" అని తనే మళ్లీ మొదట్నుంచి పెట్టింది, నేను చెప్పలా. షట్ డౌన్‌లో ఆ వయొలిన్ ఎక్కడిదో తెలుసా పిన్నీ, పాగనీని అనే పాతకాలం వయొలిన్ ఆయనది అంట, పేరు లా కంపనెల్లా అంట, వెతికి చూశా అంది. కాయితం మీద రెండే గీతలు. పూజయ్యి, పులిహోర తిని, సాయంత్రం బస్సెక్కి రూల్ ప్రకారం మొదటి ఆల్బమ్ పెట్టుకుంది, తనకి ప్రాణమైన ఆల్బమ్. కాజా టోల్‌గేట్ దాటామో లేదో, పక్క చూపు చూసి, నేను కిటికీలోంచి చూస్తున్నానని నమ్మకం కుదిరాక, స్కిప్ కొట్టింది.